రాళ్ల పొయ్యి దగ్గర వంతులు: పాలమూరు నుంచి పెద్దగట్టు దాకా

కృష్ణానదికి ఉత్తరాన పరుచుకున్న పాలమూరు, నల్లగొండ మెట్టప్రాంతాల్లో ఆరుబయట వండే భోజనానికి ఇంటి వంటకు లేని ఒక కట్టుబాటు ఉంది. అడవిలో కొట్టిన జంతువైనా, మొక్కు తీర్చుకోవడానికి కోసిన యాట (బలికి ఉద్దేశించిన మేక లేదా గొర్రెపోతు) అయినా, కార్తికమాసంలో ఉసిరిచెట్టు కింద దించిన పప్పు గిన్నె అయినా, పొయ్యి చుట్టూ ఉన్నవారందరికీ వంతు ముట్టిన తరువాతనే ఆ వంట పూర్తయినట్టు లెక్క. ఈ కట్టుబాటు వేటతో పుట్టినా వేటతో పోలేదు. వేట చట్టవిరుద్ధమై యాభై ఏళ్లు దాటినా అది జాతరల్లో, దర్గాల దగ్గర, తండాల పొలిమేరల్లో, వనభోజనాల్లో బతికే ఉంది. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనతో పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు నాగర్‌కర్నూల్, వనపర్తి, సూర్యాపేట వంటి అనేక జిల్లాలుగా విడిపోయినా, ఈ వంటలకూ పంపకాలకూ ఆ సరిహద్దులతో పని లేదు. మహబూబ్‌నగర్ నుంచి అచ్చంపేట, మన్ననూరు మీదుగా నల్లమలలోకి వెళ్లి, తిరిగి డిండి, దేవరకొండ, నాగార్జునసాగర్ దారిన సూర్యాపేట చేరే ప్రయాణంలో ఆ కట్టుబాటు రూపాలన్నీ ఒకదాని తరువాత ఒకటి ఎదురవుతాయి.

ఈ నేల స్వభావమే ఇక్కడి ఆరుబయటి పొయ్యిని తీర్చిదిద్దింది. పాలమూరు, నల్లగొండ మైదానాల్లో అడుగడుగునా నల్లరాతి గుట్టలు, గుండ్లు కనిపిస్తాయి కాబట్టి పొయ్యికి రాళ్లు వెతుక్కునే పని ఉండదు. గిన్నె అడుగు కుదురుగా ఆనేటట్టు మూడు రాళ్లను పేర్చి, గాలి వీచే వైపు మూసి, ఎదుటి వైపు కట్టె తోయడానికి సందు వదిలితే పొయ్యి సిద్ధమవుతుంది. మెట్టపొలాల గట్ల మీద పెరిగే తుమ్మకట్టె నిదానంగా మండి గట్టి నిప్పు నిలుపుతుంది గనుక మాంసం ఉడకడానికి దాన్నే ఇష్టపడతారు. తొందరగా అంటుకొని తొందరగా ఆరిపోయే కంపను మంట లేవడానికి మాత్రమే వాడతారు. వాగులో నానిన రాయిని పొయ్యికి పెట్టకపోవడం పెద్దలు పిల్లలకు నేర్పే మొదటి జాగ్రత్త, ఎందుకంటే రాతి పగుళ్లలో చేరిన నీరు వేడికి ఆవిరై బయటికి దారి దొరకకపోతే రాయి చిట్లి ముక్కలు ఎగిరిపడతాయి. తినడానికి మోదుగాకులను పుల్లలతో కుట్టిన విస్తర్లు, పులుసు పోసుకోవడానికి అవే ఆకుల దొప్పలు ఉంటాయి; భోజనం ముగిశాక అవి మట్టిలో కలిసిపోతాయి.

ప్రయాణం మొదలయ్యే పట్టణం పేరులోనే వేటకు పేరుపొందిన ఒక పాలకుడున్నాడు. పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అనే పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీదుగా వచ్చింది. 1869 నుంచి 1911 వరకు గద్దె మీద ఉన్న ఈ నిజాం పులివేటలో ఆసక్తి గలవాడు; ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ తీసిన చిత్రాల్లో ఆ కాలపు వేట విడుదులు, గుడారాలు, పరివారం, చంపిన పులుల ముందు నిలబడ్డ అతిథులు కనిపిస్తారు. 1902లో వైస్రాయి కర్జన్ దంపతులు వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ దగ్గర వేటాడినప్పటి చిత్రం వాటిలో ప్రసిద్ధమైనది. ఇటువంటి విడిదికి వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, పాత్రల బండ్లు కూడా వెంట నడిచేవి. ఒకసారి వేటలో మాంసం కాల్చే ఇనుపచువ్వలు మరిచిపోయిన వంటవాళ్లు నల్లరాతి పలకను నిప్పుల మీద వేడిచేసి దానిపై మాంసం కాల్చారనీ, ‘పత్థర్ కా గోష్త్’ అనే వంటకం అలా పుట్టిందనీ హైదరాబాదులో ఒక కథ చెప్పుకుంటారు. కథ ఎలా పుట్టినా, వంట వెనుక ఉన్న పద్ధతి మాత్రం ఈ నేలకు సరిగ్గా సరిపోతుంది. మందమైన నల్లరాతి పలక నెమ్మదిగా వేడెక్కి, ఎక్కిన వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. పలుచగా కోసి దంచి, పచ్చిబొప్పాయి ముద్ద, అల్లం వెల్లుల్లి, మిరియాలు పట్టించి నానబెట్టిన మాంసం ఆ పలక మీద మంట తగలకుండా, మాడకుండా తన కొవ్వులో తానే మగ్గుతుంది.

రాజుల వేటభోజనానికి ఇంతకంటే పాత ఆధారం కూడా ఉంది. 12వ శతాబ్ది తొలి భాగంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో సంకలనం చేసిన మానసోల్లాసం, వేటలోని రకాలనూ చేపలు పట్టడాన్నీ మాంసం కాల్చి వండే పద్ధతులనూ రాజు వినోదాలుగా, భోగాలుగా వివరిస్తుంది. ఆ కాలంలో నల్లగొండ పక్కనున్న పానగల్లును కేంద్రంగా చేసుకొని ఈ రెండు జిల్లాల ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడులు చాళుక్యులకు సామంతులు. కాబట్టి ఆ గ్రంథంలోని వేట విడిది ఈ నేలకు పరాయిది కాదు. అయితే రాజు విడిదిలో మొదటి వంతు రాజుది, మిగిలింది పరివారానిది. అడవిలో ఉండేవారి పొయ్యి దగ్గర ఈ వరస పూర్తిగా తిరగబడుతుంది.

మహబూబ్‌నగర్ నుంచి అడవి వైపు సాగే దారిలో, వానాకాలం ముగిసిన తరువాత పొలాలే వంటిళ్లవుతాయి. దేశంలో విస్తారంగా సాగయ్యే ఒక సీతాఫల రకానికి ఈ జిల్లాలోని బాలానగర్ పేరే ఉంది. గుట్టల మీద తనంతట తాను పెరిగే సీతాఫలం ఈ ప్రాంతపు పేదల పండు. ముదిరి ఇంకా మాగని కాయలను పశువులు కాసే పిల్లలు నిప్పుల్లో పెట్టి, తొక్క నల్లబడే దాకా కాల్చి, లోపల మెత్తబడిన గుజ్జును పంచుకుంటారు. గింజ పాలుపోసుకునే దశలోని జొన్నకంకులను నిప్పుల మీద కాల్చి, గొంగడి మీద నలిపి, పొట్టు ఊది తింటారు. చలికాలంలో అనపకాయలను ఉప్పువేసి కుండనిండా ఉడకబెట్టి, పొలంలో పని చేసేవారందరూ చుట్టూ కూర్చొని ఒలుచుకుంటారు. ఎండలు ముదిరి మేత తగ్గగానే గొల్లలు, కురుమలు మందలను తోలుకొని నీళ్లున్న చోటికి బయలుదేరతారు. ఏ రైతు పొలంలో మంద రాత్రి ఆగితే ఆ పొలానికి ఎరువు దక్కుతుంది, కాపరులకు ఆ రైతు గింజలో డబ్బో ఇస్తాడు. గొర్రె ఉన్నితో నేసిన గొంగడి ఈ కాపరులకు చలిలో కప్పు, వానలో గొడుగు, రాత్రి పక్క. కొత్తగా ఈనిన గొర్రె పాలను కాచి గట్టిపరిచిన జున్ను వారి బయటి బతుకులో అరుదైన తీపి. మంద ఆగిన పొలం రైతు ఇంటికి కూడా అందులో కొంత చేరుతుంది.

అచ్చంపేట దాటి మన్ననూరు దగ్గర ఘాటు ఎక్కగానే నేల మారిపోతుంది. గుండ్లు, మెట్టపొలాలు వెనుకబడి, నల్లమలలో భాగమైన అమ్రాబాద్ పీఠభూమి మొదలవుతుంది. ఇది చెంచుల నేల. చెంచులు తెలుగు మాట్లాడే ఆదిమ జాతి. వారి నివాసాలను పెంటలంటారు, ఒక్కో పెంటలో ఉండేవి కొద్దిపాటి గుడిసెలే. 1940లో ఆస్ట్రియా దేశానికి చెందిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ ఇక్కడ చెంచుల మధ్య ఉండి అధ్యయనం చేసి, 1943లో వారి మీద ఒక సమగ్ర గ్రంథం ప్రకటించాడు. విల్లంబులు చేతపట్టే ఈ జాతిని లోకం వేటగాళ్లుగా చూసినా, వారి పొట్ట నింపేది ప్రధానంగా ఏరుకొచ్చిన ఆహారమేనని ఆ అధ్యయనం స్పష్టం చేసింది. మొనకు ఇనుము తొడిగిన తవ్వుకోలతో స్త్రీపురుషులు తవ్వి తెచ్చే అడవిగడ్డలు, ఆకులు, పండ్లు, ఇప్పపువ్వు వారి నిత్యాహారం. మాంసం ఎప్పుడో దొరికే అదృష్టం.

చెంచు వంట తేలికగా కనిపించినా దాని వెనుక సూక్ష్మమైన తెలివి ఉంది. గడ్డను వేడి బూడిదలో కప్పి కాల్చినప్పుడు తొక్క లోపలి తడిని బయటికి పోనివ్వదు. గడ్డ తన ఆవిరిలో తానే ఉడికి, తొక్క ఒలిస్తే పిండిలా రాలుతుంది. చింతపండు గుజ్జులో చింతబెరడు కాల్చిన బూడిద కలిపి తినడం వారి పాత అలవాటు. బూడిదలోని క్షారం పండులోని పులుపును విరుస్తుంది కాబట్టి ఒక వ్యక్తి కడుపునిండా తినగలిగే పదార్థంగా చింతపండు మారుతుంది. కరువుకాలంలో గింజ లేనప్పుడు కుటుంబాలను నిలబెట్టినవి ఇలాంటి పద్ధతులే. తేనె సేకరణలో ఒకరి మీద ఒకరు ఆధారపడడం ప్రాణంతోనే ముడిపడుతుంది. కొండచరియ అంచుకు పట్టిన తేనెపట్టు కోసం నారతాడు పట్టుకొని లోయలోకి దిగే మనిషికి పైన తాడు కాచేవాడు బావమరిది అయి ఉండాలన్నది ఆచారం. తోడబుట్టినదాని పసుపుకుంకుమలు ఆ తాడుకే వేలాడుతున్నాయి గనుక అతడు ఏమరుపాటుగా ఉండడని వారి నమ్మకం.

వేట దొరికిన రోజున పెంటలో జరిగే పనికి ఒక క్రమం ఉండేది. వేటకు వెళ్లేముందు గారెల మైసమ్మను తలుచుకునేవారు. అడవికీ అడవి జంతువులకూ ఆమె అధిదేవత. జంతువు పడిన తరువాత దాని మాంసంలో ఒక ముక్కను నిప్పుల మీద కాల్చి ముందుగా ఆమెకు సమర్పించిన పిమ్మట మిగిలింది కోసేవారు. దుప్పి వంటి పెద్ద జంతువైతే అది కొట్టినవాడి సొంతం కాకుండా పెంటలోని ఇళ్లన్నిటికీ పోయేది. దాచుకునే వీలు లేని ఆహారానికి ఇంతకంటే మంచి భద్రత లేదు: ఈ రోజు పొరుగువాడి కడుపులో పడిన మాంసం, రేపు పొరుగువాడికి వేట దొరికినప్పుడు తిరిగి వస్తుంది. కాల్చిన మాంసపు మొదటి రుచి దైవానికన్న భావం తెలుగు భక్తి సంప్రదాయానికి కొత్తది కాదు. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో కథానాయకుల్లో ఒకడైన తిన్నడు అనే వేటగాడు శివుడికి నివేదించింది కూడా నిప్పుల మీద కాల్చిన వేటమాంసాన్నే. పండితులు నివేదించే అన్నానికీ అడవిబిడ్డ నివేదించే మాంసానికీ ఆ కథలో దేవుడు భేదం చూపడు.

నేడు ఈ అడవిలో వేటకు అనుమతి లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేసింది. 1978లో ఈ అడవులు అభయారణ్యమయ్యాయి, 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరాయి. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడి, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉంది. ఫర్హాబాద్ దగ్గర నిజాం కాలపు వేట విడిది శిథిలాలున్న దారిలోనే ఇప్పుడు అటవీశాఖ వాహనాలు సందర్శకులకు జంతువులను చూపడానికి తిరుగుతాయి. అభయారణ్యానికి ముప్పు కలిగేటట్టు నిప్పు రాజేయడాన్నీ, రాజేసిన నిప్పును వదిలి వెళ్లడాన్నీ కూడా ఆ చట్టం నిషేధించింది. ఎండాకాలంలో ఎండుటాకులు, గడ్డి పేరుకున్న నల్లమలలో ఈ నిబంధన ఎంత అవసరమో ఆ దారిన నడిచే ఎవరికైనా తెలుస్తుంది. చైత్రపౌర్ణమి వేళ లోతైన లోయలోని సలేశ్వరం జలపాతానికి వేలాది భక్తులు రాళ్ల మీదుగా నడిచి వెళతారు. అక్కడి లింగానికి పూజారులు చెంచులే. అటువంటి జాతరలో భక్తుడు వండుకొని కట్టుకెళ్లిన సద్దిని తోటివారితో పంచుకోవడమే అడవిలో పొయ్యి వెలిగించడం కంటే సరైన ఆచారం.

మన్ననూరు నుంచి వెనక్కి మళ్లి డిండి జలాశయం మీదుగా దేవరకొండ వైపు సాగితే దారి పొడవునా లంబాడా తండాలు వస్తాయి. ఒకప్పుడు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని సైన్యాల వెంట, సంతల వెంట దక్కన్ అంతటా తిరిగిన ఈ జాతికి తండా అంటే కదిలే విడిది. రైళ్లు, రోడ్లు వచ్చి ఆ సరుకు రవాణా దెబ్బతిన్నాక వారు స్థిరపడిన ఊళ్లకు ఆ పేరే నిలిచింది. ఆషాఢమాసంలో పశువుల క్షేమం కోరి తండా పొలిమేరలో సీత్లా భవానీకి మొక్కు చెల్లించి, అక్కడ కోసిన మేకను వండుకోవడం వారి ఆచారం. మేక నెత్తురును, పేగులు, కాలేయం వంటి లోపలి భాగాలను ఉప్పు, కారంతో కలిపి వండే సళోయి వారి ప్రత్యేకమైన వంటకం. దాన్ని జొన్నరొట్టెతో తింటారు. నెత్తురు నిలవ ఉండదు, పేగులు నిలవ ఉండవు. అందుకే అవి కోసినచోటనే, కోసిన పూటనే వండి పంచే వంటకమయ్యాయి. బాటసారి జీవితం నేర్పిన పొదుపు అది: చంపిన ప్రాణిలో ఏదీ వృథా పోకూడదు.

దేవరకొండ నుంచి నాగార్జునసాగర్ చేరేసరికి ఆరుబయటి వంటలో సరదా లేని మరో చరిత్ర కనిపిస్తుంది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్ట రాతికట్టడం; యంత్రాల కంటే మనిషి చేతుల మీద ఎక్కువగా ఆధారపడి లేచింది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలే దాకా ఇక్కడ పనిచేసిన అసంఖ్యాక కూలీల్లో ‘పాలమూరు లేబర్’గా పేరుపడ్డ మట్టిపనివారు ముఖ్యులు. కరువు తరిమితే ఊళ్లు వదిలి, గుంపు మేస్త్రి వెంట దేశంలోని అనేక ప్రాజెక్టుల దగ్గర గుడిసెలు వేసుకున్న ఈ కుటుంబాలకు ఆరుబయటి పొయ్యి వినోదం కాదు, ఏడాది పొడుగునా ఉన్న ఒకే వంటిల్లు. జొన్నరవ్వను నీళ్లలో మెత్తగా ఉడికించిన గటక, దానికి తోడు కారం, దొరికిన రోజున పప్పు వారి భోజనం. పగలంతా మట్టి మోసిన ఆడవాళ్లే పొద్దుగూకిన తరువాత పొయ్యి రాజేసేవారు. ఇప్పుడు కార్తికమాసంలో అదే జలాశయం గట్టున పట్టణాల నుంచి వచ్చిన కుటుంబాలు ఉసిరిచెట్టు కింద పులిహోర, పప్పు, పాయసం వడ్డించుకుంటాయి. ఆ వనభోజనాల పంక్తిలో కూర్చున్నవారు, ఈ నీటిని నిలబెట్టినవారి గటకను కూడా తలుచుకోవడం న్యాయం.

కృష్ణ వెంట తూర్పుగా సాగితే, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న జాన్‌పహాడ్ దర్గా వస్తుంది. సైదులు అని జనం పిలుచుకునే ఈ దర్గాకు జనవరిలో జరిగే ఉర్సుకే కాక ఏడాది పొడుగునా హిందువులు, ముస్లింలు కలిసి వస్తారు. కోరిక తీరినవారు ఇక్కడ కందూరు చేస్తారు. కందూరు అంటే మొక్కుకున్న యాటను దర్గా దగ్గర కోయించి, అక్కడే వండి, ముజావరు (దర్గా సేవకుడు) ఫాతిహా చదివిన తరువాత బంధువులతో పాటు వచ్చినవారికల్లా పెట్టే విందు. ఇంటి నుంచి గిన్నెలు, బియ్యం, మసాలాలు బండిలో వేసుకొని వస్తారు. చెట్ల కింద పొయ్యిలు వెలుగుతాయి. మగవాళ్లు మాంసం కోసి శుభ్రం చేస్తుండగా ఆడవాళ్లు అల్లం వెల్లుల్లి నూరుతారు. పసుపు, ఉప్పు, కారం పట్టించిన మాంసాన్ని నూనెలో వేయించిన ఉల్లిగడ్డలో వేసి, తన నీరు తాను విడిచి ఇగిరే దాకా మగ్గనిచ్చి, ధనియాలు, ఎండుకొబ్బరి నూరిన ముద్ద కలిపి నీళ్లు పోస్తారు. లవంగం, చెక్క, పుదీన వేసి వండిన బగారా అన్నం పక్కన దిగుతుంది. తలకాయ, కాళ్లు, బోటి వేరే గిన్నెలో ఉడుకుతాయి. ఈ విందులో అతిథికి కులం అడగరు, మతం అడగరు. మొక్కు ఒక కుటుంబానిదైనా, అది తీరినట్టు సాక్ష్యం చెప్పేది పదిమంది తిన్న విస్తర్లే.

ప్రయాణపు చివరి మజిలీ సూర్యాపేట పక్కన హైదరాబాద్–విజయవాడ రహదారిని ఆనుకొని ఉన్న దురాజ్‌పల్లి గుట్ట. పెద్దగట్టుగా పేరుపొందిన ఈ గుట్ట మీద లింగమంతుల స్వామికి, చౌడమ్మకు రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరిగే జాతర తెలంగాణలో మేడారం తరువాత అంత పెద్దదని చెబుతారు. 2025 ఫిబ్రవరిలో కూడా అది జరిగింది. ఇది ప్రధానంగా గొల్లల జాతర. కేసారం గ్రామం నుంచి దేవరపెట్టె (దేవతామూర్తులుండే పెట్టె) గుట్టకు చేరడంతో మొదలై, నెత్తిన బోనాలు, గంపలు పెట్టుకొని ‘ఓ లింగా’ అని పిలుస్తూ భక్తులు చేసే ప్రదక్షిణలతో సాగుతుంది. లింగమంతుల స్వామికి అన్నపు నైవేద్యం, చౌడమ్మకు యాట. ఒకే గుట్ట మీద ఒకరికి శాకం, ఒకరికి మాంసం సమర్పించే ఈ ఏర్పాటులో ఎవరి నివేదనా మరొకరి కంటే తక్కువది కాదు. గుట్ట చుట్టూ ఉన్న పొలాలన్నీ ఆ రోజుల్లో గుడారాలతో, ఎడ్లబండ్ల స్థానంలోకి వచ్చిన ట్రాక్టర్లతో నిండిపోతాయి. ప్రతి ట్రాక్టరు పక్కన రాళ్ల పొయ్యి ఉంటుంది. కోసిన యాటలో పూజ చేసినవారికి, డోలు కొట్టినవారికి, ఆడబిడ్డల ఇళ్లకు పోవలసిన భాగాలు మొదట పక్కకు తీస్తారు. మిగిలిన మాంసాన్ని సమానమైన కుప్పలుగా పోస్తారు; ఈ పద్ధతినే పోగులు వేయడం అంటారు. ఎముక, కండ, కొవ్వు, కాలేయం ప్రతి పోగులోనూ తగుమాత్రంగా పడేటట్టు చూడడానికి అనుభవజ్ఞుడైన పెద్దమనిషి కావాలి, ఎందుకంటే పోగు తప్పితే కూర ఎంత రుచిగా ఉన్నా జాతర చేసిన తృప్తి ఎవరికీ ఉండదు.

ఈ దారి మొత్తాన్ని కలిపి చూస్తే, ఆరుబయటి భోజనానికి ఇంత గాఢమైన జ్ఞాపకశక్తి ఎక్కడి నుంచి వస్తుందో అర్థమవుతుంది. తుమ్మనిప్పు వాసన, మోదుగాకు పసరు, నడిచిన ఆకలి రుచిని పెంచే మాట నిజమే. కానీ ఆ పూట మనసులో నిలిచిపోవడానికి అసలు కారణం పంపకంలో ఉంది: ఇంట్లో గోడ చాటున తినే మనిషి, బయట అందరి కళ్ల ముందు తింటాడు, అందరి వంతు చూసి తింటాడు. చెంచు పెంటలో మైసమ్మకు తీసిన ముక్క, తండాలో పంచిన సళోయి, దర్గా చెట్ల కింద తెలియని బాటసారికి వేసిన విస్తరి, పెద్దగట్టు మీద వేసిన పోగు అన్నీ ఒకే న్యాయాన్ని పాటిస్తాయి.

ఆ న్యాయం ఈ కాలంలో ఇంకొక వంతును కూడా కోరుతున్నది. మహబూబ్‌నగర్ పక్కన మూడెకరాల మేర ఊడలు దించిన, ఏడు శతాబ్దాల వయసు గలదని చెప్పే పిల్లలమర్రి నీడన తరతరాలుగా జనం సద్దులు విప్పుకున్నారు. 2017లో ఆ చెట్టు పెద్ద కొమ్మ విరిగిపడి, చెదలు తొలిచిన మానుకు మందు ఎక్కించి చికిత్స చేయవలసివచ్చింది, సందర్శకులను దూరంగా నిలపవలసివచ్చింది. ప్లాస్టిక్ పళ్లేలు, సీసాలు, ఆరని నిప్పు వదిలి వెళ్లే వనభోజనం, చెట్టుకూ వాగుకూ దక్కవలసిన వంతును కాజేసినట్టే. మోదుగ విస్తరిలో తిని, బూడిద మీద నీళ్లు చల్లి, తెచ్చిన ప్రతి వస్తువునూ తిరిగి తీసుకువెళ్లడం కొత్త నియమం కాదు. మొదటి ముక్కను అడవితల్లికి తీసిపెట్టిన పాత ఆచారానికి ఈనాటి రూపం. వేట ఆగినా ఆగని ఈ పంపకాన్ని చెట్టు వరకు, నీటి వరకు, అడవి జంతువు వరకు విస్తరించగలిగితే, పాలమూరు నల్లగొండ దారుల్లో రాళ్ల పొయ్యి వెలిగే హక్కు రాబోయే తరాలకు కూడా న్యాయంగా దక్కుతుంది.